మన యింట పాటను పట్టియుంచుట

అచ్చులో చదివిన పాట సగము పాటయే. మాటలు పుస్తకమునకు వచ్చును గాని వరుస రాదు. కృష్ణశ్రీగారు కూర్చిన ‘స్త్రీల రామాయణపు పాటలు’ 1955లో హైదరాబాదున ఆంధ్ర సారస్వత పరిషత్తువారు ప్రకటించిరి. నేదునూరి గంగాధరముగారు పల్లెపదములను ప్రోగుచేసి ‘మిన్నేరు’, ‘సెలయేరు’ అను పేళ్లతో గ్రంథస్థము చేసిరి. ఇట్టివారి శ్రమ లేకున్న మనకు మాటలైనను దక్కియుండెడివి కావు. అయినను ‘ఊర్మిళాదేవి నిద్ర’ను పుస్తకము చూచి పాడుమని నేటి కోడలి నడిగిన, ఆమె చదువగలదే గాని పాడలేదు. ఏ మాటకడ గొంతు దిగవలెనో, ఏ చరణమున సాగదీయవలెనో అత్తగారికే తెలియును. ఆ యత్తగారికి ఎనుబదియేండ్లు నిండినవి. ఆమె తరువాత ఆ వరుస ఎక్కడ నుండును?

ఈ ప్రశ్న కోనసీమ యిండ్లలో నేడు మిక్కిలి సన్నిహితమైన ప్రశ్న. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో పెద్ద మండువా యిండ్లు అనేకము ఇద్దరు ముసలివారితో, ఒక పనిమనిషితో నిలిచియున్నవి. బిడ్డలు హైదరాబాదున, బెంగుళూరున, అమెరికాలో ఉద్యోగములు చేసికొనుచున్నారు. సంక్రాంతికి వత్తురు. కనుమనాడు జగ్గన్నతోటకు పోయి ప్రభలను ఫోనులలో తీసికొందురు. కోడిపందెములనుకూడ తీసికొందురు. ముక్కనుమ దాటగనే తిరిగి పోవుదురు. ఇంటనున్న మామ్మగారి మంగళహారతిని మాత్రము తీయవలెనని ఎవ్వరికిని తోచదు. అది ఎప్పుడును ఉండునదే గదా యని తలంతురు.

వేదమును కాపాడుటకు మన పెద్దలు ఎంతటి కట్టుదిట్టము చేసిరో చూడుడు. పదము, క్రమము, జట, ఘనము అని ఒకే మంత్రమును ముందునకు వెనుకకు త్రిప్పి చెప్పించి, అక్షరమైనను స్వరమైనను జారకుండ కట్టివేసిరి. కోనసీమ యగ్రహారములలోని యా సంప్రదాయమును గూర్చి అమెరికా పండితుడు డేవిడ్ నైప్ గారు 2015లో ఒక పెద్ద గ్రంథమే ప్రకటించిరి. అందు పండితుల కథలతోపాటు వారి గృహిణుల కథలును గలవు. కాని ఆ గృహిణులు రోటికడ, ఉయ్యెలకడ, పెండ్లిపందిటిలో పాడిన పాటలకు ఘనపాఠమును లేదు, పాఠశాలయును లేదు. కూతురు తల్లి ప్రక్కన కూర్చుండి వినుటయే వానికి రక్ష. కూతురు ప్రక్కన లేనప్పుడు ఆ రక్ష తెగినది. అందుచేతనే పాటను యంత్రముతో పట్టియుంచు విద్యను గూర్చి మా పాఠకురాండ్రకు కొంచెము వివరముగ వ్రాయదలచితిమి. ఈ విద్య నేడు ఇంటిలోనే, వంటయింటి ప్రక్కగదిలోనే, సాధ్యమగుచున్నది.

ఎడిసను 1877లో ఫోనోగ్రాఫును చేసెను. మన దేశమున 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ అను గాయని గ్రామఫోను కంపెనీవారికి పాడెను. అది మొదలు పాట ప్లేటులోనికి పోయినది. కాని ప్లేటుకు పాడవలెనన్న పట్టణమునకు పోవలెను. తెలుగువారికి పట్టణమన మదరాసు. కోనసీమనుండి మదరాసు పోవుటన్న రేవులు దాటి, బండ్లు మారి, రైలెక్కి, పురుషుడు తోడురాగా పోవుట. ఏ కుటుంబ స్త్రీ పోయెడిది? పోయినను లోకమేమనెడిది? కావున ఆ ప్లేట్లలో మనకు వినబడునది నాటకశాలల గానము, కచేరీల గానము. ఇంటి గానము దాదాపుగ లేదు.

రాజోలు చెంతనున్న శంకరగుప్తమున 1930 జూలై 6వ తేదీన ఒక శిశువు పుట్టెను. తండ్రి పట్టాభిరామయ్యగారు వేణువు వాయించువారు. తల్లి సూర్యకాంతమ్మగారు వీణ వాయించువారు. శిశువు పసికందుగా నున్నప్పుడే ఆ తల్లి కన్నుమూసెను. ఆ శిశువే మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు. 2016 నవంబరు 22వ తేదీన వారు గతించువరకు పాడిన పాటలు ప్లేట్లలో, టేపులలో, రేడియో భాండారములలో లెక్కకు మిక్కిలిగ నున్నవి. తల్లి వీణయో? అప్పటికి టేపు రికార్డరే పుట్టలేదు. ఆ యంత్రము జర్మనీలో 1935 ప్రాంతమున గాని ప్రజలకు చూపబడలేదు. ఆ వీణను కన్నకొడుకైనను వినలేదు. అంతటి విద్వాంసుని తల్లికే ఇట్లయినప్పుడు తక్కిన తల్లుల మాట చెప్పనేల?

తరువాత 1963లో ఫిలిప్సు కంపెనీవారు చిన్న క్యాసెట్టును తెచ్చిరి. మన యిండ్లలోనికి అది డెబ్బదులలో, ఎనుబదులలో వచ్చినది. గల్ఫుదేశములకు పనికి పోయినవారు రెండు మూతల టేపురికార్డరును తెచ్చుట కోనసీమలో ఎల్లరెరిగినదే. ఉత్తరము వ్రాయలేని భార్య క్యాసెట్టులో మాటలాడి పంపెడిది. పిల్లవానిచే పద్యము చెప్పించి పంపెడిది. మా పాఠకురాండ్రలో ఎవరి యటుకపైననైన అట్టి క్యాసెట్లున్న యెడల వానిని పారవేయవద్దు. గోదావరి తేమకు టేపుపై బూజు పట్టును. బూజు పట్టిన టేపును అట్లే యంత్రమున పెట్టి త్రిప్పిన టేపును చెడును, యంత్రమును చెడును. తెలిసినవారిచే శుభ్రము చేయించి, బాగుగ నున్న ఒక టేపు యంత్రమునుండి తీగతో కంప్యూటరునకు కలిపి ఎక్కించుకొనవలెను.

ఇక నేటి సంగతి. 2018లో రాజమహేంద్రవరమునకు సమీపమునగల వడిసలేరు గ్రామమున పసల బేబి అను శ్రామికురాలు ‘ప్రేమికుడు’ చిత్రములోని యొక పాటను పాడగా ఫోనులో తీసిరి. అది దేశమంతట వ్యాపించెను. ఆ పాటకు స్వరము కూర్చిన రహ్మానుగారే దానిని మెచ్చి పదిమందితో పంచుకొనిరి. రఘు కుంచెగారు ఆమెచే ‘మట్టిమనిషినండి నేను’ అను పాట పాడించి విడుదల చేసిరి. ఒక ఫోను చేసిన పని యిది. మాకు దీనిలో సంతోషముతోపాటు ఒక చిన్న చింతయు గలదు. ఆమె ఆనాడు సినిమాపాటకు బదులు పొలములో ఊడ్పుల పాట నెత్తుకొనియున్న యెడల లోకము చెవి యొగ్గియుండెడిదా? సినిమాపాటను కాపాడువారు వేలకొలది గలరు. ఊడ్పుయంత్రము పొలములోనికి దిగుచున్నకొలది ఆడువారి వరుస పలుచబడును. వరుస లేనిచోట పాట యెవరందుకొందురు?

కావున మొదట నెత్తవలసిన సాధనము ఇంటనున్న ఫోనే. దానితోనే మంచి పని జరుగును గాని, కొన్ని మెలకువలు తెలియవలెను. ఫోను మాటలాడుటకు చేయబడినది. అందులోని తంత్రము ఎడతెగక వినబడు ధ్వనినంతయు గోలయని యెంచి అణచివేయజూచును. తంబురా శ్రుతి ఎడతెగని ధ్వనియే గదా! పాట వినబడి శ్రుతి మాయమగుటకు ఇదియే కారణము. మరియు గొంతు తగ్గినచోట తానే పెంచి, హెచ్చినచోట తానే తగ్గించి, పాటలోని ఎత్తుపల్లములను చదును చేయును. కావున ధ్వనిని రికార్డు చేయు ప్రత్యేకమైన యాప్‌ను తెచ్చుకొని, అందు ‘నాయిస్ సప్రెషన్’, ‘ఆటోమేటిక్ గెయిన్’ అను వానిని ఆపివేయవలెను. ఫైలు రకము ‘వేవ్’ అని యుంచవలెను. సెకనుకు 48,000 మార్లు, 24 బిట్ల చొప్పున ఒక మైకుతో తీసిన గంట పాటకు సుమారు 520 మెగాబైట్ల చోటు పట్టును. అదే ఎంపీత్రీగా, 128 కిలోబిట్ల చొప్పున, 58 మెగాబైట్లలో ముగియును. చోటు కలిసివచ్చును గాని పోయిన ధ్వని మరల రాదు. మూలమును వేవ్‌గా దాచి, బంధువులకు పంపుటకు ఎంపీత్రీ చేసికొనుడు. వాట్సాపులో వాయిస్ సందేశముగ పంపిన అది ఇంకను నలుగగొట్టును, డాక్యుమెంటుగ పంపవలెను.

మైకు కొనగలవారు కొనవచ్చును. చీరకొంగుకు తగిలించు చిన్న మైకు కొన్ని వందల రూపాయలనుండి దొరకును. ఇవి ఎలక్ట్రెటు మైకులు. 1962లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జేమ్స్ వెస్టు, గెర్హార్డు సెస్లరు అను నిద్దరు వీని మార్గము కనిపెట్టిరి. మైకులు చవుకయగుటకు వారే కారకులు. ఇంకను ముందునకు పోదలచినవారికి కంప్యూటరునకు కలుపు ఆడియో ఇంటర్‌ఫేసు అను పెట్టె గలదు. చిన్నది పదివేల రూపాయలకు అటునిటుగ వచ్చును. దానికి తగిలించు మైకులలో కండెన్సరు రకము సూక్ష్మధ్వనిని పట్టును. దానికి 48 వోల్టుల విద్యుత్తు ఆ పెట్టెయే ఇచ్చును. డైనమిక్ రకము అంత సూక్ష్మము కాదు గాని ప్రక్కింటి మిక్సీని, వీధిలోని కొబ్బరికాయల లారీని అంతగ పట్టదు. దుకాణమువారు కండెన్సరే గొప్పయని యందురు. మా యభిప్రాయమున, ఊరి నడుమనున్న ఇంటికి డైనమిక్ మైకే మేలు.

ధనముకంటె గది ముఖ్యము. గ్రానైటు పరచిన క్రొత్త హాలులో నిలువబడి ఒక చప్పట కొట్టి వినుడు; గోడలన్నియు బదులు పలుకును. అచ్చట పాడిన పాట నూతిలోనుండి వచ్చినట్లుండును. అదే చప్పటను పరుపులు, బొంతలు మడిచిపెట్టిన గదిలో కొట్టుడు. ధాన్యపు బస్తాలున్న గది మరియు మేలు. బట్టలతో నిండిన దండెము వెనుక నుండిన, వేలు పోసి కొన్న నురుగుపలకలతో పని లేదు. మైకును నోటికి జానెడు దూరమున, కొంచెము ప్రక్కగ నుంచవలెను. దూరము రెట్టింపైన మైకునకు చేరు ధ్వనిశక్తి నాలుగవవంతగును. గది గోల మాత్రము తగ్గదు. ఫంకాను ఆపవలెను, ఫ్రిజ్జును పది నిమిషములు ఆపవలెను. వానకాలమున పెంకుటింటిలో పని పెట్టుకొనరాదు. చెరువుల ప్రక్కనున్న యిండ్లవారికి ఏరేటర్ల మ్రోత తప్పదు గనుక అవి ఆపు వేళ తెలిసికొనవలెను. కరెంటు పోయినప్పుడు మనము విసుగుకొందుము గాని, ఫోనులో బ్యాటరీయున్న యెడల అంతకంటె మంచి ముహూర్తము లేదు: ఊరిలోని మోటారులన్నియు ఒక్కమారుగ నోరు మూయును.

పాట మొదలుపెట్టుటకు ముందు పది సెకన్లు ఎవ్వరును పలుకక ఆ గది నిశ్శబ్దమునుకూడ రికార్డు చేయుట మరువరాదు. ‘ఆడసిటీ’ అను ఉచితమైన సాధనము 2000 సంవత్సరమునుండి లోకమున నున్నది. దానికి ఆ నిశ్శబ్దపు ముక్కను చూపించి, ఇట్టి ధ్వనిని తీసివేయుమనిన తీసివేయును. అతిగ తీసిన గొంతు నీటిలోనుండి వచ్చినట్లగును గనుక కొంచెమే చాలును. శ్రుతికి తంబురా లేనివారు దిగులుపడనక్కరలేదు. బెంగుళూరులో జి. రాజ్‌నారాయణ్ గారు 1979లో ఎలక్ట్రానిక్ తంబురాను చేసిన తరువాత అది ఇంటింటికి వచ్చినది. నేడు ఫోనులోనే తంబురా గలదు. అయితే రెండవ ఫోనులో దానిని మ్రోగించుడు. పెద్దల పాట పాడించునప్పుడు మాత్రము, వారు అడిగిననే తప్ప, శ్రుతి పెట్టకుడు. వారి గొంతు ఎక్కడ మొదలిడునో అదియే ఆ పాట శ్రుతి.

స్వరమును సరిదిద్దు యంత్రమొకటి గలదు. దాని కథ కోనసీమవారికి వింతగ తోచును. చమురు నిక్షేపములను వెదకుటకు భూమిలో ప్రేలుడు గావించి, తిరిగివచ్చు తరంగములను లెక్కకట్టి, లోపలి పొరలను తెలిసికొందురు. మన పొలములలో ఓఎన్‌జీసీవారి సర్వేలను చూడనివారు లేరు. 1995లో పాశర్లపూడి బావి మండిన నాళ్లను మరచినవారును లేరు. అట్టి తరంగముల లెక్కలు కట్టిన ఆండీ హిల్డెబ్రాండు అను అమెరికా యింజనీరు ఆ గణితమునే గొంతుపై ప్రయోగించి 1997లో ‘ఆటోట్యూన్’ చేసెను. తప్పిన స్వరమును దగ్గరి స్వరస్థానమునకు లాగుట దాని పని. అది పన్నెండు మెట్ల హార్మోనియము కొలతను నమ్ముకొనియున్నది. మన పాటలో స్వరము మెట్టుపై నిలుచుట తక్కువ, మెట్ల నడుమ ఊగుట ఎక్కువ. ఆ ఊగుటను తప్పుగ నెంచి అది సరిచేయబోవును. బాలింతపాటలోని జీర, అప్పగింతలపాటలో ఏడుపు కలిసిన గొంతు, ఇవి యంత్రమునకు దోషములు. ఇంటిపాటలపై దీనిని వాడుట మాకు ఇష్టము లేదు.

సొంతముగ పాట కట్టగోరు బాలికల సంగతి వేరు. 1983లో ‘మిడి’ యను ఏర్పాటు వచ్చినప్పటినుండి ఒక చిన్న మెట్లపెట్టెతో వీణ, వేణువు, మృదంగము మొదలగువాని ధ్వనులన్నియు కంప్యూటరునుండి పలికింపవచ్చును. ‘గరాజ్‌బ్యాండు’, ‘బ్యాండ్‌ల్యాబు’ వంటివి రొక్కమీయకయే దొరకుచున్నవి. తాళము కట్టి, శ్రుతి పెట్టి, తమ గొంతునే రెండు మూడు వరుసలుగ పేర్చుకొనవచ్చును. మదరాసునకు పోలేకపోయిన యమ్మమ్మకు దొరకని స్టూడియో మనుమరాలి బల్లపై నున్నది. తలిదండ్రులు దానిని ఆటయని త్రోసివేయక, సాయంకాలము గంటసేపు ఆ గది తలుపు మూసికొననిచ్చిన చాలును. మన యిండ్లలో ఆడుపిల్ల తలుపు మూసికొని కూర్చుండుట ఇప్పటికిని ప్రశ్నయే గనుక ఈ మాట వ్రాయవలసివచ్చినది.

ఇంకొక సంగతి కలదు. దీనిని వివరముగ చెప్పుట మా విధి. వెల్చేరు నారాయణరావుగారు స్త్రీల రామాయణపు పాటలను గూర్చి 1991లో ఆంగ్లమున వ్రాసిన ప్రసిద్ధవ్యాసమున, ఈ పాటలు ఇంటి లోగిలిలో, స్త్రీల నడుమ, పురుషులు పట్టించుకొనని చోట పాడబడుటను ఎత్తిచూపిరి. ఊర్మిళ, పదునాలుగేండ్లకు తిరిగివచ్చిన మగని గుర్తింపక పరపురుషుడని నిలదీయుట అట్టిచోట పుట్టిన మాట. ‘సీత వామనగుంటలు’, ‘లక్ష్మణదేవర నవ్వు’ ఆ చోటివే. నలుగురు ఆడువారి నడుమ పాడిన దానిని లోకమంతటికి వినిపించుట ఆ పాడినామెకు సమ్మతమా? మనుమడు ముచ్చటపడి తీసి, అడుగకయే యూట్యూబులో పెట్టును; ఎవరో ఆమె ఉచ్చారణను వెక్కిరింతురు; ఆమె మరల నోరు విప్పదు. 1994లో సవరించిన మన కాపీరైటు చట్టము పాడినవారికిని హక్కు నిచ్చినది. ఆ హక్కు ఏబదియేండ్లు నిలుచును. ఇంటిలో సొంతమునకు తీసికొనుట తప్పు కాదు. పదిమందిలో పెట్టుటకు ఆమె యనుమతి కావలెను. పాట తరతరములనుండి వచ్చినదే కావచ్చును, గొంతు ఆమెది. దానివలన ధనము వచ్చిన అందు ఆమెకు భాగము గలదా, పేరు వేయుదురా అను సంగతులును ముందే మాటలాడుకొనుట మర్యాద. పొలములో కూలి చేసికొను ఆమె పాట తీసినప్పుడు ఈ మర్యాద రెండింతలు అవసరము. ఆ పూట కూలి పోగొట్టుకొని పాడుచున్నదని మరువరాదు.

పాడించుట యెట్లు? కుర్చీలో కూర్చుండబెట్టి మైకు ముందు పెట్టి ‘పాడు మామ్మా’ యన్న ఏ మామ్మయు పాడదు. ‘మరచిపోతినే, గొంతు పోయినదే’ యనును. పప్పు ఏరుచునో, వత్తులు చేయుచునో ఉన్నప్పుడు, చెల్లెలినో వదినగారినో ప్రక్కన కూర్చుండబెట్టిన, ఒకరు మరచిన చరణము నొకరందింతురు. తప్పిన చోట ఆపకుడు. నడుమ వారాడుకొను మాటలనుకూడ తీయుడు. ‘మీ తాతగారికి ఈ పాటయన్న కోపము’ అను మాట ఏ పుస్తకమునను దొరకదు. ఒకనాటికి రెండు పాటలు చాలును.

గౌహర్ జాన్ తన ప్లేట్ల చివర ఆంగ్లమున తన పేరు తానే చెప్పెడిది. ప్లేట్లు జర్మనీలో అచ్చుపడుటకు పోవుచుండెను గనుక, పాడినదెవరో అచ్చటి పనివారికి తెలియుటకట. మన వారిచేతను అట్లే చెప్పింపుడు: పేరు, పుట్టినిల్లు, మెట్టినిల్లు, ఈ పాట ఎవరివద్ద నేర్చినది, ఎప్పుడు పాడెడివారు. మన స్త్రీలలో అనేకులు తమ పూర్తిపేరు పైకి చెప్పుట ఇదియే మొదటిమారు కావచ్చును. ఫైలునకు తేదీ, ఊరు, పాట మొదటిమాట పేరుగ నుంచి మూడు ప్రతులు చేయుడు: ఒకటి కంప్యూటరులో, ఒకటి విడిగ నున్న డిస్కులో, ఒకటి వేరొక ఊరిలోని కూతురివద్ద. వరద వచ్చినను దొంగ వచ్చినను మూడును ఒక్కమారు పోవు. మైకును పని ముగిసిన తోడనే మెత్తని గుడ్డలో చుట్టి, మూత బిగువైన స్టీలు డబ్బాలో, క్రొత్త చెప్పులపెట్టెలలో వచ్చు సిలికాజెల్ పొట్లములతో కూడ పెట్టుడు. పొట్లములను శ్రావణమునుండి కార్తికమువరకు నెలకొకమారు మార్చుచుండుడు.